డీప్ పర్పుల్‌ను లైనప్‌ల వారీగా వినడం ఎలా

డీప్ పర్పుల్ పాటలు రెండో మూడో విని, ఇంకా వినాలన్న ఆసక్తి కలిగినవారికి మొదట అడ్డుపడేది మనుషుల లెక్క. 1968లో ఇంగ్లండులో ఏర్పడిన ఈ రాక్ బ్యాండులో, ఒకటి రెండు కచేరీలకు బదులుగా వచ్చి వెళ్ళినవారిని పక్కన పెడితే, ఇప్పటివరకు నలుగురు ప్రధాన గాయకులు, ఐదుగురు గిటారిస్టులు, ముగ్గురు బేస్ గిటారిస్టులు, ఇద్దరు కీబోర్డు వాద్యకారులు పనిచేశారు. డ్రమ్మర్ మాత్రం మొదటి నుంచి నేటి వరకు ఒక్కరే. ఫోనులో పాటల యాప్ తెరిస్తే ఇదంతా ఒకే పేరు కింద, ఒకే వరుసలో కనిపిస్తుంది. 1968 నాటి ‘హష్’ అయిపోగానే 1974 నాటి ‘బర్న్’ మోగితే, రెండూ ఒకే బ్యాండువి అంటే కొత్తగా వినేవారు నమ్మరు. నమ్మకపోవడంలో తప్పూ లేదు.

మా అనంతపురంలో ఈ బ్యాండును ఇష్టపడేవాళ్ళం ఎప్పుడూ పిడికెడు మందిమే. క్యాసెట్ల కాలంలో ఆల్బం కావాలంటే బెంగళూరు వెళ్ళేవాళ్ళకు చెప్పి పంపేవాళ్ళం. తీరా వచ్చిన క్యాసెట్ అట్ట మీద ఎవరు ఏది వాయించారో చాలాసార్లు ఉండేది కాదు, ఉన్నా అది ఏ సంవత్సరపు రికార్డింగో తెలిసేది కాదు. అందువల్ల చెవితోనే పోల్చుకోవలసి వచ్చేది. ఇప్పుడు పేర్లన్నీ క్షణంలో దొరుకుతున్నాయి గాని, సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతూ సాగే వాదన మాత్రం మారలేదు. "గిల్లన్, బ్లాక్‌మోర్ ఉన్నదే పర్పుల్ అన్నా, తక్కిందంతా ఉత్త పేరుకే" అని ఒకరంటే, "కవర్‌డేల్ గొంతు ముందర ఎవరు నిలబడతారప్పా" అని ఇంకొకరు లేస్తారు. గిల్లన్, కవర్‌డేల్ గాయకులు, బ్లాక్‌మోర్ గిటారిస్టు. ఎవరు గొప్ప అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారు సాధారణంగా ఏదో ఒక లైనప్ (అంటే ఒక కాలంలో బ్యాండులో కలిసి ఉన్న సభ్యుల జట్టు) దగ్గరే ఆగిపోతారు. దానికి బదులు, ఒక మనిషి వెళ్ళిపోయినప్పుడు బ్యాండు శబ్దంలో ఏ పని ఖాళీ అయింది, దాన్ని కొత్తగా వచ్చినవారు నింపారా లేక పాతవారే తమలో తాము సర్దుకున్నారా అని అడుగుతూ వింటే, నచ్చని ఆల్బంలో కూడా వినవలసినది దొరుకుతుంది. నేను చెప్పబోయేది ఆ పద్ధతి.

ముందుగా ఒక కాగితం మీద లైనప్‌లను కాలక్రమంలో రాసుకోండి. అభిమానులు వీటిని మార్క్ వన్, మార్క్ టూ అంటూ అంకెలతో పిలుస్తారు. మార్క్ వన్‌లో గాయకుడు రాడ్ ఎవాన్స్, గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్, ఆర్గాన్ (కీబోర్డు వాద్యం) వాయించే జాన్ లార్డ్, బేస్ గిటారిస్టు నిక్ సింపర్, డ్రమ్మర్ ఇయన్ పైస్ ఉన్నారు. మూడు ఆల్బంలు చేశారు. 1969లో ఎవాన్స్, సింపర్‌ల స్థానంలో ఇయన్ గిల్లన్, రోజర్ గ్లోవర్ రావడంతో మార్క్ టూ ఏర్పడింది. 1970లో ‘ఇన్ రాక్’, 1971లో ‘ఫైర్‌బాల్’, 1972లో ‘మెషీన్ హెడ్’ వీరివే. 1973 జూన్‌లో జపాన్‌లోని ఒసాకా కచేరీతో గిల్లన్, గ్లోవర్ తప్పుకోగా, అప్పటిదాకా బట్టల దుకాణంలో పనిచేస్తున్న డేవిడ్ కవర్‌డేల్ గాయకుడిగా, ట్రపీజ్ అనే బ్యాండు నుంచి గ్లెన్ హ్యూస్ బేస్ గిటారుకు, రెండో గొంతుకు వచ్చారు. అది మార్క్ త్రీ. 1975లో బ్లాక్‌మోర్ వెళ్ళిపోయి రెయిన్‌బో అనే సొంత బ్యాండు పెట్టుకున్నారు. ఆయన స్థానంలో అమెరికా గిటారిస్టు టామీ బోలిన్ చేరగా ఏర్పడిన మార్క్ ఫోర్ 1976 మార్చిలో విడిపోయింది. 1984లో మార్క్ టూ సభ్యులే మళ్ళీ కలిశారు. ఆ తర్వాతి మార్పులు నెమ్మదిగా రాసుకోవచ్చు, వాటి సంగతి చివర్లో చెబుతాను.

కాగితం సిద్ధమయ్యాక వెంటనే గాయకుల వెంట పడకండి. మారని మనిషిని పట్టుకోండి. అన్ని లైనప్‌లలోనూ ఉన్నది ఇయన్ పైస్ ఒక్కరే. మన పల్లెల్లో తెల్లవార్లూ పద్యనాటకం ఆడేటప్పుడు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ఒకే పాత్రను ముగ్గురు కట్టడం తెలిసిందే కదా. ఒకరిది నాలుగు శ్రుతి అయితే ఇంకొకరిది ఆరు శ్రుతి. ఒకరు పద్యాన్ని రాగంలో సాగదీస్తే ఇంకొకరు మాట విరుపుతో నెగ్గుకొస్తారు. జనం వన్స్‌మోర్ కొట్టేది కృష్ణుడికే అయినా, ఎవరి బలం ఎంతో అందరికన్నా బాగా తెలిసేది పక్కన కదలకుండా కూర్చున్న హార్మోనిస్టుకు. కృష్ణుడు మారినప్పుడల్లా సర్దుకునేది ఆయన వేళ్ళే. డీప్ పర్పుల్‌లో పైస్ పని అలాంటిది. కొత్త గాయకుడు వచ్చినప్పుడు ఆయన చేయి ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది అన్నది వింటే మార్పు స్వభావం సగం తెలిసిపోతుంది.

ఇందుకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు పాటలు వరుసగా వినండి: ‘హష్’, ‘ఫైర్‌బాల్’, ‘బర్న్’, 1984 నాటి ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్’. మొదటిదానిలో డ్రమ్స్ పాట వెనకాల నడుస్తాయి, ఎవాన్స్ గొంతు మెత్తనిది కాబట్టి దాన్ని తొక్కవు. ‘ఫైర్‌బాల్’ ఏదో యంత్రం ఆన్ చేసిన శబ్దంతో మొదలవుతుంది (అది స్టూడియోలోని ఏసీ), ఆ వెంటనే డ్రమ్స్ పరుగు అందుకుంటాయి. ‘బర్న్’ దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా వినండి. గాయకులు చరణం పాడుతున్నంతసేపూ పైస్ ఊరికే తాళం వేయరు, పంక్తికీ పంక్తికీ మధ్య ఉన్న ప్రతి సందులోనూ డ్రమ్స్‌ను దొర్లిస్తూనే ఉంటారు. ఇద్దరు గాయకులు పంచుకుని పాడే పాటలో డ్రమ్స్‌కు ఇంత చోటు దొరకడం చిత్రమే. అది చోటు దొరకడం కాదు, ముందు లైనప్ పేరును కొత్తవాళ్ళు మోయగలరని లోకానికి చూపించవలసి వచ్చినప్పుడు పాతవాళ్ళు ముందుకు తోసుకురావడమని నా ఉద్దేశం. నాలుగోది అందుకు పూర్తిగా విరుద్ధం. బరువుగా, తొందర లేకుండా నడుస్తుంది. పదకొండేళ్ళ తర్వాత కలిసిన ఐదుగురూ ఎవరికీ ఏదీ రుజువు చేయనవసరం లేదన్నట్టు వాయిస్తారు.

తర్వాత వినవలసింది ఆర్గాన్. డీప్ పర్పుల్ శబ్దాన్ని తక్కిన హార్డ్ రాక్ బ్యాండుల నుంచి వేరు చేసేది గిటారు కాదు, ఆర్గానే అని నేను గట్టిగా నమ్ముతాను. మా మిత్రుల్లో సగం మంది దీనికి ఒప్పుకోరు. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గాన్‌ను, దానికి మామూలుగా వాడే స్పీకరుతో సరిపెట్టకుండా, గిటారిస్టులు వాడే మార్షల్ యాంప్లిఫయర్‌కు కలిపి వాయించేవారు. దాంతో ఆ శబ్దానికి గిటారులో ఉండే గరుకుదనం వచ్చింది. అందుకే చాలా చోట్ల రెండు గిటార్లు మోగుతున్నాయేమోనన్న భ్రమ కలుగుతుంది. ‘మెషీన్ హెడ్’లోని ‘లేజీ’ మొదటి నిమిషం వింటే ఈ సంగతి తేటగా తెలుస్తుంది, అక్కడ ఆర్గాన్ ఒంటరిగా ఉంటుంది. ఆ శబ్దాన్ని చెవిలో ఉంచుకుని అదే ఆల్బంలోని ‘హైవే స్టార్’ వినండి. ఎక్కడ గిటారు, ఎక్కడ ఆర్గాన్ అన్నది వేళ్ళతో చూపగలిగేదాకా మళ్ళీ మళ్ళీ వినండి. ఈ ఒక్క సాధన చేస్తే చాలు, తర్వాత గిటారిస్టు మారినప్పుడు ఆర్గాన్ ఎంత చోటు ఆక్రమించిందో, కీబోర్డు మనిషి మారినప్పుడు గిటారు ఏం చేసిందో తేలిగ్గా పట్టుకోవచ్చు.

ఇప్పుడు ఒకే పాటను వేర్వేరు లైనప్‌లు కచేరీలో వాయించినప్పుడు పోల్చి చూడాలి. అందుకు ‘స్మోక్ ఆన్ ద వాటర్’ను మించినది లేదు, అందరికీ తెలిసిన పాట కావడం ఒక సౌకర్యం కూడా. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లండులోని మోంత్రోలో అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకరు ఫ్లేర్ గన్ (మంట వెలుగుతో సంకేతమిచ్చే తుపాకి) పేల్చడంతో అక్కడి కసీనో తగలబడిపోయింది. అక్కడే రికార్డింగు చేసుకోవాలని వచ్చిన డీప్ పర్పుల్, సరస్సు మీద కమ్ముకున్న ఆ పొగనే పాటగా కట్టింది. స్టూడియో రికార్డింగులో వాద్యాలు ఒక్కొక్కటిగా ప్రవేశించే తీరు గమనించండి. ముందు గిటారు ఒంటరిగా మోగుతుంది. బ్లాక్‌మోర్ ఇక్కడ పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) వాడకుండా రెండు తీగలను వేళ్ళతో కలిపి లాగుతారు, అందుకే ఆ రెండు స్వరాలు ఒకదాని వెంట ఒకటి కాకుండా ఒకేసారి పలుకుతాయి. ఆ తర్వాత హై-హ్యాట్ (డ్రమ్స్‌లో ఉండే జంట తాళాలు), ఆర్గాన్, మిగతా డ్రమ్స్, ఆఖరున బేస్ గిటారు వచ్చి చేరతాయి. లైనప్‌లను కొలవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు, ఎందుకంటే ప్రతి మనిషి పనీ ఇందులో విడివిడిగా వినబడుతుంది.

దీన్ని నాలుగు చోట్ల వినండి. మొదటిది 1972 ఆగస్టులో జపాన్‌లో రికార్డు చేసిన ‘మేడ్ ఇన్ జపాన్’. మార్క్ టూ ఉచ్చదశ అది. రెండోది 1974లో రికార్డయినా 1982లో గాని విడుదల కాని ‘లైవ్ ఇన్ లండన్’. ఇందులో గిల్లన్ పాడిన పంక్తులను కవర్‌డేల్, హ్యూస్ పంచుకుంటారు. ఒకరిది మందమైన కింది గొంతు, ఇంకొకరిది పైకి ఎగిసే సన్నటి గొంతు. గిల్లన్ ఒక్కరే చేసిన రెండు పనులు ఇద్దరికి పంచినట్టు అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. మూడోది 1996లో పారిస్‌లోని ఒలింపియాలో చేసిన కచేరీ, గిటారిస్టు స్టీవ్ మోర్స్. నాలుగోది 2006లో అదే మోంత్రోలో చేసిన కచేరీ. అప్పటికి లార్డ్ స్థానంలో డాన్ ఎయిరీ ఉన్నారు. నాలుగింటిలోనూ రిఫ్ (పాట మొదట్లో గిటారు పదేపదే పలికే వరస) అదే. సోలో (గిటారిస్టు విడిగా వాయించే భాగం) దగ్గరికి వచ్చేసరికి మాత్రం బ్లాక్‌మోర్ స్వరాలకు మధ్య ఖాళీ వదిలి ఆగుతారని, మోర్స్ ఆ ఖాళీలను నింపుకుంటూ పోతారని తెలుస్తుంది. ఏది మేలన్నది వినేవారి ఇష్టం. నా ఓటు ఖాళీకే.

గిటారు లేకపోతే ఈ బ్యాండు ఎలా ఉంటుందో వినాలని ఉన్నవారికి ఒక అరుదైన అవకాశం ఉంది. 1993 నవంబర్ 9న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కచేరీ ‘హైవే స్టార్’తో మొదలైంది గాని, బ్లాక్‌మోర్ వేదిక మీదికి రాలేదు. తక్కిన నలుగురూ పాట నడిపించారు. గిటారు సోలో సమయానికి ఆయన వచ్చి వాయించారు, కెమెరా పట్టుకున్న మనిషి మీద నీళ్ళు కూడా విసిరారు. ఈ కచేరీ వీడియో దొరుకుతుంది. గొడవ కోసం కాకుండా, ఆ మొదటి నిమిషాల్లో లార్డ్ ఎడమచేయి, గ్లోవర్ బేస్ కలిసి గిటారు లేని లోటును ఎలా కప్పిపుచ్చారో వినడానికి చూడండి. ఆ నెలలోనే బ్లాక్‌మోర్ బ్యాండును శాశ్వతంగా వదిలేశారు. ఒప్పుకున్న కచేరీలు పూర్తి చేయడానికి కొన్ని నెలలపాటు జో సాట్రియానీ వచ్చి వాయించారు.

కచేరీలో ఏ పాటలు పాడుతున్నారన్నదాని కన్నా ఏవి మానేశారన్నది ఎక్కువ చెబుతుంది. గిల్లన్ వెళ్ళిపోగానే మార్క్ త్రీ కచేరీల నుంచి ‘చైల్డ్ ఇన్ టైమ్’ తప్పుకుంది. కవర్‌డేల్ గొప్ప గాయకుడే గాని, ఆ పాట మధ్యలో మాటలు లేకుండా మెట్లు మెట్లుగా పైకి పోయే కేక ఆయన గొంతుకు చెందినది కాదు. దాని చోటును ‘మిస్ట్రీటెడ్’ తీసుకుంది. నెమ్మదిగా, బ్లూస్ పద్ధతిలో సాగే ఆ పాట ఆయన కోసమే పుట్టినట్టు ఉంటుంది. కాబట్టి ప్రతి లైనప్ కచేరీ ఆల్బం దొరికినప్పుడు పాటల జాబితాను ముందు లైనప్ జాబితా పక్కన పెట్టి, పోయినవాటి కింద గీత గీయండి. ఎవరు లేని లోటు ఎక్కడ తగిలిందో ఆ గీతలే చూపిస్తాయి.

ఇక్కడ తేదీల విషయంలో ఒక హెచ్చరిక. యాప్‌లలో కనిపించే సంవత్సరం చాలాసార్లు విడుదలదో, పునర్విడుదలదో అవుతుంది. ‘మేడ్ ఇన్ యూరప్’ 1976లో బజారుకు వచ్చింది, అప్పటికి బ్యాండే లేదు. అందులో వినిపించేది 1975 ఏప్రిల్‌లో, బ్లాక్‌మోర్ వెళ్ళిపోయే ముందు చేసిన కచేరీలు. అంతేకాక ‘మెషీన్ హెడ్’కు 1997లో గ్లోవర్, 2024లో ఫ్రాంక్ జాపా కుమారుడు డ్వీజిల్ జాపా కొత్త మిక్స్‌లు చేశారు. వాటిలో వాద్యాల పాళ్ళు మారతాయి కనుక, పోలికకు ఎప్పుడూ 1972 నాటి మూల మిక్స్‌నే వాడండి. కాగితం మీద రికార్డయిన తేదీని మాత్రమే రాసుకోవడం మంచిది.

మార్క్ ఫోర్‌ను చాలామంది వినకుండానే కొట్టిపారేస్తారు. టామీ బోలిన్ అప్పటికే బిల్లీ కోబమ్ చేసిన ‘స్పెక్ట్రమ్’ అనే జాజ్-రాక్ ఆల్బంలో వాయించి పేరు తెచ్చుకున్నవారు; ఆయన చేతిలో బ్లాక్‌మోర్‌ను వెతకడం ఆయనకూ వినేవారికీ అన్యాయమే. 1975లో వచ్చిన ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ను డీప్ పర్పుల్ అన్న పేరు మరిచిపోయి ఒకసారి, గుర్తుపెట్టుకుని ఒకసారి వినండి. మొదటిసారి అది హుషారైన, ఫంక్ వాసన ఉన్న మంచి ఆల్బం. రెండోసారి వినేటప్పుడు లార్డ్ ఆర్గాన్ ఎంత వెనక్కి జరిగిందో గమనిస్తే, ఆ లైనప్ ఎందుకు నిలవలేదో అర్థమవుతుంది. బోలిన్ మత్తుమందుల అలవాటు వల్ల కచేరీలు దెబ్బతిన్న మాట కూడా నిజమే. 1976 డిసెంబర్‌లో, 25 ఏళ్ళకే ఆయన చనిపోయారు. 1990లో, గిల్లన్ లేనప్పుడు, జో లిన్ టర్నర్ పాడిన ‘స్లేవ్స్ అండ్ మాస్టర్స్’ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వినడానికి ఇబ్బందేమీ ఉండదు, కాకపోతే అది రెయిన్‌బో ఆల్బంలా ఉంటుంది. టర్నర్ అంతకుముందు రెయిన్‌బోలోనే పాడారు కనుక ఆశ్చర్యమూ లేదు.

ఈ సంబంధాలను కాగితం మీద గీతలతో కలపడం మరిచిపోకండి, ఎందుకంటే కొత్తగా వచ్చారనుకునేవారు చాలావరకు కొత్తవారు కారు. బ్లాక్‌మోర్‌తో పడలేదని అందరూ చెప్పుకునే గ్లోవర్, 1979 నుంచి అదే బ్లాక్‌మోర్ రెయిన్‌బోలో బేస్ వాయించి ఆల్బంలు నిర్మించారు. ఎయిరీ కూడా రెయిన్‌బోలో ఉన్నవారే. కవర్‌డేల్ పెట్టిన వైట్‌స్నేక్‌లో లార్డ్, పైస్ ఇద్దరూ కొన్నేళ్ళు పనిచేశారు. ఈ గీతలు గీశాక 1984 పునఃకలయిక ఆకస్మికంగా అనిపించదు. ఇంకో ఘటన మాత్రం ఈ గీతలకు బయట ఉంటుంది. 1980లో రాడ్ ఎవాన్స్ ఒక్కరినీ, వేరే నలుగురినీ కూర్చి ‘డీప్ పర్పుల్’ పేరుతో అమెరికా ఖండంలో కచేరీలు చేయించారు. వ్యవహారం కోర్టుకు వెళ్ళి ఆగిపోయింది. పాత సభ్యుడు ఒకరు ఉన్నంత మాత్రాన అది ఆ బ్యాండు కాదు. మరి ఎంతమంది ఉంటే అవుతుంది అని మా టీ బల్ల దగ్గర అడిగితే పొద్దుగూకేదాకా తేలదు. నా లెక్కలో పైస్ డ్రమ్స్, గరుకైన ఆర్గాన్ ఉంటే చాలు.

ఆ లెక్క ప్రకారం అన్నిటికన్నా ప్రమాదకరమైన మార్పు బ్లాక్‌మోర్ వెళ్ళడం కాదు, 2002లో లార్డ్ విరమించుకోవడం. అది గొడవ లేకుండా జరిగింది కనుక దాని బరువు చాలామందికి తెలియలేదు. లార్డ్ మోకాలి గాయంతో ఉన్నప్పుడే ఎయిరీ ఆయన బదులు వాయించి ఉండడం వల్ల పని చేతులు మారేటప్పుడు కుదుపు రాలేదు. 2012లో లార్డ్ చనిపోయాక, 2013లో బాబ్ ఎజ్రిన్ నిర్మాణంలో వచ్చిన ‘నౌ వాట్?!’ ఆల్బంను ఆయనకు అంకితం చేశారు. అందులో ఎయిరీ ఆర్గాన్‌ను ‘లేజీ’ పక్కన పెట్టి వింటే, లార్డ్ శబ్దాన్ని నిలబెడుతూనే అనుకరించకుండా ఎలా తప్పుకున్నారో తెలుస్తుంది. మోర్స్ గురించి చెప్పాలంటే, ఆయన 1994 నుంచి 2022 దాకా, అంటే బ్లాక్‌మోర్ రెండు విడతలు కలిపినా రాని కాలం ఉన్నారు. ఆయనను ఇంకా కొత్త గిటారిస్టు అనేవారికి 1996 నాటి ‘పర్‌పెండిక్యులర్’లోని ‘సమ్‌టైమ్స్ ఐ ఫీల్ లైక్ స్క్రీమింగ్’ వినిపించి ఊరుకుంటే సరి.

భార్య అనారోగ్యం కారణంగా మోర్స్ తప్పుకున్నాక 2022లో సైమన్ మెక్‌బ్రైడ్ వచ్చారు. అంతకుముందే ఆయన గిల్లన్, ఎయిరీల సొంత కచేరీల్లో వాయించినవారు కనుక ఆ ఇద్దరి శబ్దం ఆయనకు కొత్త కాదు. ఈ లైనప్ తొలి ఆల్బం 2024లో వచ్చిన ‘=1’. దీన్ని వినేటప్పుడు గిల్లన్ గొంతుతో మొదలుపెట్టవద్దు; 1945లో పుట్టిన మనిషి 1972 నాటి కేక వేయలేడని ముందే తెలుసు. మొదటిసారి పైస్ డ్రమ్స్ మాత్రమే వినండి, రెండోసారి ఎయిరీ ఆర్గాన్‌కూ మెక్‌బ్రైడ్ గిటారుకూ మధ్య దూరం వినండి, గాయకుడిని మూడోసారికి ఉంచండి. గిల్లన్ అందని స్వరాల జోలికి పోకుండా మాటను విరిచి పలకడం మీద ఎంత ఆధారపడుతున్నారో అప్పుడు స్పష్టంగా వినబడుతుంది. అది కూడా కాగితం మీద ఒక మార్పుగానే రాసుకోండి, మనిషి మారకపోయినా సరే.